వాడపల్లి దారిలో రెండు కార్లు

తిరుమలగిరి అనగానే చాలామంది ఏడుకొండల తిరుమలే అనుకుంటారు. మాది ఆ తిరుమల కాదు. సూర్యాపేట నుంచి జనగామ వెళ్ళే రోడ్డు మీద, తుంగతుర్తికి దగ్గరలో వుంటుంది మా తిరుమలగిరి. ఒకప్పుడు నల్గొండ జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది. కోతల రోజుల్లో వచ్చి చూడండి, మార్కెట్ యార్డుకు వెళ్ళే వడ్ల ట్రాక్టర్లతో చౌరస్తా దాటడానికే పది నిమిషాలు పడుతుంది. ట్రాక్టర్లు, లారీలు, ఆటోలు, బస్సులు, వాటి మధ్య ఇప్పుడు కార్లు కూడా బాగా పెరిగాయి. ఇరవై ఏళ్ళ కింద ఊళ్ళో కారు వస్తే పిల్లలు వెంటపడేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ తల ఎత్తి కూడా చూడరు.

అయితే పోయిన కార్తీకమాసంలో మా మరిది హైదరాబాదు నుంచి తెచ్చిన కారును మాత్రం వాడకట్టు వాడకట్టంతా వచ్చి చూసింది. అది కరెంటు కారు. శబ్దం లేదు, వెనకాల పొగగొట్టం లేదు. వరండాలో వున్న పెద్ద ప్లగ్గుకు వైరు తగిలించి రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి నిండుకుంది. మర్నాడు అందరం కలిసి వాడపల్లి వెళ్ళాలని ముందే అనుకున్నాం. మాది పాత పెట్రోలు కారు, వాళ్ళది కొత్త కరెంటు కారు. అత్తమ్మకు ఆయాసం. పెట్రోలు వాసన తగిలితే కడుపులో తిప్పుతుంది. అందుకని ఆమెను, నన్ను కరెంటు కారులో ఎక్కించారు. మావారు, పిల్లలు, మా యారాలు మా కారులో బయలుదేరారు. సర్వపిండి, పులిహోర, మజ్జిగ సీసాలు రెండు కార్లలోనూ సర్దాను.

సూర్యాపేట దాకా

తిరుమలగిరి నుంచి వాడపల్లి సుమారు 110 కిలోమీటర్లు. ముందు అర్వపల్లి వస్తుంది. అక్కడి యోగానంద లక్ష్మీనరసింహస్వామికి కారులోంచే దండం పెట్టుకున్నాం. రోడ్డుకు రెండు వైపులా కోసిన మళ్ళు, ఆరబోసిన వడ్లు. మా కారు ముందు పోతుంటే వెనకనుంచి దాని వాసన తెలుస్తూనే వుంది. అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "గా కారును ఎనకకు రమ్మను బిడ్డా" అంది. మరిది ముందుకు తీసాడు. ఆ తర్వాత ఆమె హాయిగా కూర్చుంది. చెప్పొద్దూ, నాకూ బాగానే వుంది. ఇంజను గడగడ లేదు, గేరు మార్చినప్పుడు కుదుపు లేదు.

సూర్యాపేటలో విజయవాడ హైవే తగులుతుంది. అక్కడ ఆగి టీ తాగుతుంటే ఆ రోడ్డు మీద పొగ ఎంతో కళ్ళారా చూడవచ్చు. అన్నట్టు ఈ హైవే మీద 2023 మే నుంచి మన ఆర్టీసీ వాళ్ళు హైదరాబాదు, విజయవాడల మధ్య కరెంటు బస్సులు కూడా తిప్పుతున్నారు. ఈ-గరుడ అని పేరు. మరిది అత్తమ్మతో గర్వంగా అన్నాడు. "చూసినవా అమ్మా, మన కారుకు పొగే లేదు."

అత్తమ్మ బడికి పోలేదు గానీ బతుకు లెక్క తెలిసిన మనిషి. "పొగ లేకుంట కరెంటు ఏడికెళ్ళి వస్తది బిడ్డా?" అని అడిగింది. మరిది నవ్వి, "సాగర్ల నీళ్ళకెళ్ళి వస్తది" అన్నాడు. ఆమె ఇంకేమీ అనలేదు. ఆ ప్రశ్నకు సగం జవాబు సాగర్లోనే వుంది. నాగార్జునసాగర్ జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 815 మెగావాట్లకు పైనే. కానీ నీళ్ళు వున్నప్పుడే అది తిరుగుతుంది. మిగతా సగం జవాబు మాకు దామరచర్ల దాటాక కనిపించింది.

ఆ పొగగొట్టాలు

సూర్యాపేట నుంచి మూసీ దాటి మిర్యాలగూడ చేరాం. మిర్యాలగూడ అంటే రైసు మిల్లులు. ఊరి చుట్టూ మిల్లులే. మన వంటింటికి వచ్చే సన్నబియ్యంలో ఎంతో భాగం ఇక్కడ ఆడినదే. అక్కడినుంచి దామరచర్ల మీదుగా వాడపల్లి దారి పట్టాం. దూరంగా ఆకాశంలోకి లేచిన పొగగొట్టాలు, పెద్ద పెద్ద గుండ్రని గోపురాల్లాంటి కట్టడాలు కనిపించాయి. గోపురాల నుంచి వచ్చేది ఆవిరి. గొట్టాల నుంచి వచ్చేది బొగ్గు పొగ. అదే వీర్లపాలెం దగ్గరి యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం. 2015 జూన్ 8న దీనికి శంకుస్థాపన జరిగింది. ఒక్కోటి 800 మెగావాట్ల చొప్పున అయిదు యూనిట్లు, మొత్తం 4000 మెగావాట్లు. 2024 డిసెంబరు 7న రెండో యూనిట్‌ను ముఖ్యమంత్రి ప్రారంభించారు. సింగరేణి బొగ్గు రైళ్ళ మీద వస్తుంది, కృష్ణ నుంచి నీళ్ళు తోడతారు.

అత్తమ్మ కిటికీలోంచి చాలాసేపు చూసింది. "నీ కారు పొగ గిక్కడుందిరా" అంది. మరిది మాట్లాడలేదు. కారులో అందరం కాసేపు నిశ్శబ్దంగా వుండిపోయాం.

నిజమే కదా. మనం ప్లగ్గు పెట్టినప్పుడు వచ్చే కరెంటు ఏ కేంద్రానిదో విడదీసి చెప్పలేం. సాగర్ నీళ్ళది, వీర్లపాలెం బొగ్గుది, ఎక్కడో ఎండలో పరిచిన సోలారు పలకలది, అంతా ఒకే తీగల్లో కలిసి వస్తుంది. కానీ మన దేశంలో కరెంటు ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గునుంచే. బొగ్గు కాల్చితే గంధకపు వాయువు, బూడిద, పాదరసం కూడా వస్తాయి. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ యాదాద్రి కేంద్రం పర్యావరణ అనుమతిని పక్కన పెట్టి, మళ్ళీ అధ్యయనం చేయమంది కూడా. ఇక 2025 జులైలో కేంద్ర ప్రభుత్వం ఒక కొత్త నిబంధన తెచ్చింది. పెద్ద నగరాలకు, బాగా కాలుష్యం వున్న ప్రాంతాలకు పది కిలోమీటర్లకు అవతల వుండే బొగ్గు కేంద్రాలకు గంధకం వడకట్టే యంత్రాలు తప్పనిసరి కాదంది. దేశంలో ముప్పాతిక భాగానికి పైగా కేంద్రాలు ఇలా దూరంగా వున్నవే. నగరానికి దూరంగా వున్నంత మాత్రాన అక్కడ మనుషులు లేరా?

కాగితం మీద లెక్క

ఇంటికి వచ్చాక పాలవాడి లెక్క రాసే పుస్తకంలోనే రెండు కార్ల లెక్క వేసాను. మీరూ వేసుకోవచ్చు, కూడికలు గుణకారాలే.

ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు, అంటే మనం బళ్ళో చదువుకున్న బొగ్గుపులుసు వాయువు వస్తుంది. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలో కూడా తూగదు, మరి ఇంత బరువు ఎక్కడిది అనకండి. కిలో బియ్యం వండితే నీళ్ళు పీల్చుకుని రెండున్నర, మూడు కిలోల అన్నం అవుతుంది కదా. అలాగే పెట్రోలులోని బొగ్గు అంశ గాలిలోని ప్రాణవాయువును కలుపుకుని బరువెక్కుతుంది.

మా కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుంది. రానూపోనూ 220 కిలోమీటర్లకు దాదాపు 15 లీటర్లు తాగింది. అంటే సుమారు 34 కిలోల వాయువు. మరిది కారుకు అదే దూరానికి మళ్ళీ నింపుకోవడానికి 35 యూనిట్ల కరెంటు పట్టింది. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు తయారీకి సగటున సుమారు 0.7 కిలో వాయువు వెలువడుతుంది. అంటే దగ్గర దగ్గర 25 కిలోలు.

ఇది పైకి కనిపించే లెక్క. ముడిచమురు ఎక్కువ భాగం ఓడల మీద విదేశాల నుంచి రావాలి. విశాఖ లాంటి చోట శుద్ధి చేయాలి. అక్కడినుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాదు దాకా పైపులో పంపాలి. ఆ ఖర్చు కలిపితే 34 కాస్తా 40 అవుతుంది. కరెంటుకు తీగల్లో పోయే నష్టం కలిపితే 25 కాస్తా 28 అవుతుంది. బొగ్గు కరెంటుతో నడిచినా కరెంటు కారుదే తక్కువ అన్నమాట. కారణం ఏమిటంటే పెట్రోలు ఇంజను మన పాత కట్టెల పొయ్యిలాంటిది. దానికి పోసిన నూనెలో పావు వంతో, కొంచెం ఎక్కువో చక్రాలకు చేరుతుంది, మిగతాది వేడిగా పోతుంది. కరెంటు మోటారు తనకిచ్చిన దాంట్లో పదింట ఎనిమిది వంతులకు పైనే చక్రానికి ఇస్తుంది.

బ్యాటరీ అనే అప్పు

ఇక్కడితో ఆగితే లెక్క సగమే. కరెంటు కారు షోరూము నుంచి బయటికి రాకముందే ఒక అప్పు నెత్తిన పెట్టుకుని వస్తుంది. అదే బ్యాటరీ. అందులోని లిథియం ఎక్కువగా ఆస్ట్రేలియా, చిలీ దేశాల నుంచి వస్తుంది. కోబాల్టు వాడే రకాలకు ఆ లోహం ఆఫ్రికాలోని కాంగో నుంచి వస్తుంది. అక్కడి కొన్ని గనుల్లో పసిపిల్లలు కూడా మట్టి తవ్వుతున్నారని చదివితే మనసు వికలమైంది. ఇప్పుడు చాలా కార్లలో కోబాల్టు లేకుండా ఇనుము, ఫాస్ఫేటుతో చేసిన బ్యాటరీలు వస్తున్నాయి. అది కొంత మేలు. మనకు దగ్గరలోనే, మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో 2023 మే నెలలో అమరరాజా వాళ్ళ లిథియం బ్యాటరీల కార్ఖానాకు శంకుస్థాపన జరిగింది.

బ్యాటరీలో పట్టే ఒక్కో యూనిట్‌కు దాని తయారీలో 60 నుంచి 100 కిలోల దాకా వాయువు వెలువడుతుందని అంచనాలు. 40 యూనిట్లు పట్టే బ్యాటరీకి సుమారు 3 టన్నులు అనుకోండి. 220 కిలోమీటర్లకు మిగిలేది 12 కిలోలు. ఆ లెక్కన 3 టన్నుల అప్పు తీరాలంటే కారు 55 వేల కిలోమీటర్లు తిరగాలి.

ఇక్కడే మా రెండిళ్ళ తేడా బయటపడింది. మరిది రోజూ ఆఫీసుకు పోయివస్తాడు. ఏడాదికి 18 వేల కిలోమీటర్లు తిరుగుతాడు. అతని కారు మూడేళ్ళలో అప్పు తీర్చేస్తుంది, తర్వాత మిగిలినదంతా లాభం. మేం సూర్యాపేటకో, పెళ్ళికో, ఆసుపత్రికో తీస్తాం. ఏడాదికి 4 వేలు దాటదు. మేం మా పాత కారు అమ్మేసి కరెంటు కారు కొంటే ఆ అప్పు తీరడానికి పధ్నాలుగేళ్ళు పడుతుంది. పైగా మేం అమ్మిన కారును ఇంకొకరు నడుపుతూనే వుంటారు. మావారు కరెంటు కారు మీద మోజుపడ్డారు గానీ ఈ లెక్క చూపించాక, "సరేలే, దీన్నే ఇంకొన్నేళ్ళు వాడుదాం" అన్నారు.

పెద్దవాళ్ళ లెక్కలూ ఇంచుమించు ఇలాగే వున్నాయి. ఐ.సి.సి.టి. అనే అంతర్జాతీయ సంస్థ 2021లో ఒక నివేదిక ఇచ్చింది. తయారీ నుంచి చివరిదాకా చూస్తే, మన దేశంలో కరెంటు కారు వల్ల వచ్చే వాయువులు పెట్రోలు కారు కంటే 19 నుంచి 34 శాతం తక్కువట. ఐరోపాలో అయితే 66 నుంచి 69 శాతం తక్కువ. కారు అదే, మోటారు అదే. తేడా అంతా కరెంటులో వుంది.

మూసీ చెప్పిన మాట

వాడపల్లిలో కృష్ణ, మూసీ కలుస్తాయి. సంగమంలో స్నానం చేసి అగస్త్యేశ్వరుణ్ణి, లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకోవడం ఆచారం. నరసింహస్వామి గుళ్ళో రెండు దీపాలు చూపిస్తారు. స్వామి ముఖానికి ఎదురుగా వున్న దీపం రెపరెపలాడుతుంది, కింద వున్న దీపం కదలదు. స్వామి ఊపిరి తగిలి అలా ఆడుతుందని భక్తుల నమ్మకం. ఆయాసంతో మెట్లెక్కిన అత్తమ్మ ఆ దీపం ముందు చాలాసేపు నిలబడింది.

సంగమం దగ్గర నిలబడి మూసీ వైపు చూసాను. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండల్లో శుభ్రంగా పుట్టిన ఏరు ఇది. హైదరాబాదు మురికినంతా మోసుకుని, యాదాద్రి, నల్గొండ, సూర్యాపేట జిల్లాల పల్లెలన్నీ దాటి ఇక్కడికి వస్తుంది. నగరంలో కుళాయి తిప్పి గిన్నెలు కడిగే ఇల్లాలికి ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయో కనిపించదు. ఆ నీళ్ళతో వరి పండించే ఇల్లాలికి మాత్రం కనిపిస్తాయి, వాసన కూడా తగులుతుంది.

కరెంటు కారు పొగ కూడా అంతే. హైదరాబాదు వీధుల్లో పొగ తగ్గుతుంది. అది చిన్న మేలు కాదు. ఆ వీధుల్లో లక్షలమంది, బడికి పోయే పిల్లలు, అత్తమ్మలాంటి ఆయాసం మనుషులు వున్నారు. ముక్కు ముందర వచ్చే పొగ కంటే ఎత్తయిన గొట్టంలోంచి వచ్చే పొగ తక్కువమందికి నేరుగా తగులుతుంది. కానీ ఆ తక్కువమంది ఎవరో కాదు, మన జిల్లావాళ్ళే. వీర్లపాలెం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. వాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో కరెంటు కారు కాదు కదా, అసలు కారే వుండదు.

పెట్రోలు కారు మాత్రం పల్లెను వదిలిపెట్టిందా అంటే అదీ లేదు. 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోలు ఆగింది, 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.6 బండ్లు వచ్చాయి, పొగ మునుపటి కంటే తగ్గింది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. దాన్ని చెరుకుతో, మొక్కజొన్నతో, నూకలతో తయారుచేస్తారు. నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వల్ల వాసన, నీళ్ళు పాడవడం భరించలేకపోతున్నామని ఊళ్ళవాళ్ళు రోడ్డెక్కారు. ఎటు తిప్పినా బరువు పల్లెమీదే పడుతోంది.

అయినా రెండింటికీ ఒక తేడా వుంది. పెట్రోలు కారు కొన్నరోజు ఎంత పొగ వదిలిందో పదేళ్ళ తర్వాత కూడా అంతే వదులుతుంది, పాతబడితే ఇంకాస్త ఎక్కువే. కరెంటు కారు అలా కాదు. తీగల్లో ఎండ కరెంటు, నీళ్ళ కరెంటు పెరిగినకొద్దీ, కారు మార్చకుండానే దాని పొగ తగ్గుతూ పోతుంది. కాబట్టి కరెంటు కారు మంచిదా కాదా అనే ప్రశ్నకు సగం జవాబు షోరూములో వుంది, మిగతా సగం వీర్లపాలెంలో వుంది. నగరంలో కరెంటు కార్లకు రోడ్డు పన్ను తీసేస్తే సరిపోదు. (2024 నవంబరు 18 నుంచి 2026 చివరిదాకా మన రాష్ట్రంలో ఆ మినహాయింపు ఇచ్చారు.) బొగ్గు కేంద్రానికి వడకట్టే యంత్రాలు పెట్టమని, బూడిద ఊళ్ళమీద పడకుండా చూడమని అడిగే హక్కు ఆ కరెంటు వాడుకునే మనందరికీ వుంది. మరిదితో ఆ మాటే అన్నాను. "నిజమే వదినా, మా కాలనీ సంఘంల ఇంటికప్పు సోలారు సంగతి మాట్లాడుత" అన్నాడు. చేస్తాడో లేదో చూడాలి.

ఇల్లాలిగా మనం చూసుకోవలసినవి

కారు కొనే మాట ఇంట్లో వస్తే ముందు ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతామో రాసుకోండి. రోజూ తిరిగే కారయితే కరెంటు కారు మేలు. నెలకు రెండుసార్లు తీసే కారయితే వున్నదాన్నే బాగా చూసుకోండి. టైర్లలో గాలి సరిగా వుంచి, సర్వీసింగు మానకుండా చేయిస్తే పెట్రోలూ తగ్గుతుంది, పొగా తగ్గుతుంది.

అవసరానికి మించిన పెద్ద బ్యాటరీ వద్దు. బ్యాటరీ పెరిగితే అప్పు పెరుగుతుంది, కారు బరువెక్కి టైర్లు అరిగి దుమ్మూ పెరుగుతుంది.

వీలయితే పగటిపూట చార్జింగు పెట్టండి. ఎండ కరెంటు తీగల్లోకి వచ్చేది అప్పుడే. సొంతిల్లు వుంటే కప్పు మీద సోలారు పలకలు పెట్టించుకోవచ్చు. 2024 ఫిబ్రవరిలో మొదలైన సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు కేంద్రం 78 వేల రూపాయల రాయితీ ప్రకటించింది.

పాత బ్యాటరీని, అది ఇన్వర్టర్‌దైనా కారుదైనా, పాత సామాన్లవాడికి వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారులే వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాలి. కొన్న దుకాణంలోనే అడగండి.

వాడపల్లి వెళ్ళేవారికి

హైదరాబాదు నుంచి వచ్చేవారు నార్కట్‌పల్లి, నల్గొండ, మిర్యాలగూడ మీదుగా రావచ్చు. మావైపు నుంచి అయితే సూర్యాపేట, మిర్యాలగూడ దారి. కరెంటు కారులో వస్తే సూర్యాపేటలో హైవే మీద నింపుకుని బయలుదేరడం మంచిది. తిరుగు ప్రయాణంలో మేం అక్కడే అరగంట ఆగాం, డబ్బాలో మిగిలిన సర్వపిండి అంతా పిల్లలు అప్పుడే ఖాళీ చేసారు. కార్తీకంలో రద్దీ ఎక్కువ, పొద్దున్నే చేరుకోండి. నీళ్ళు లోతుగా వుంటాయి, పిల్లలను ఒంటరిగా సంగమంలోకి దిగనివ్వకండి. ప్లాస్టిక్ కవర్లు, పూజ సామాను మూసీలో వేయకండి, అది ఇప్పటికే చాలా మోస్తోంది.